మీటర్ బోర్డులో లైటు వెలిగితే ఏమి చేయాలి: పెద్ద ట్రాక్టర్ల ఎలక్ట్రానిక్ ఇంజనులకు ఒక మార్గదర్శిని

మన దేశంలో 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1న ట్రెమ్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ తరువాత గుంటూరు, విజయవాడ షోరూములకు వస్తున్న పెద్ద ట్రాక్టర్లలో పాత డీజిల్ పంపు పోయి, డీజిల్‌ను గట్టి ఒత్తిడితో ఒకే గొట్టంలో (రైల్) ఉంచి అన్ని నాజిళ్లకూ అందించే కామన్ రైల్ వచ్చింది. దాన్ని నడపడానికి ఈసీయూ అనే కంప్యూటర్, దానికి సమాచారం అందించడానికి ఎన్నో సెన్సార్లు వచ్చాయి.

పాత బండిలో ఎంత డీజిల్ పోవాలో డ్రైవరు కాలు, పంపులోని గవర్నరు తేల్చేవి. కొత్త బండిలో మీరు యాక్సిలరేటర్ తొక్కితే మీకు ఎంత వేగం కావాలో ఈసీయూకు తెలుస్తుంది, అంతే. క్రాంక్ ఎంత వేగంగా తిరుగుతోంది, నీరు ఎంత వేడెక్కింది, టర్బో ఎంత గాలి తోస్తోంది, రైల్‌లో డీజిల్ ఒత్తిడి ఎంత ఉంది అని చూసుకొని, ఏ నాజిల్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో అదే నిర్ణయిస్తుంది. వీటిలో ఏదైనా హద్దు దాటితే లైటు వెలిగి బజరు మోగుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఇంజను శక్తిని తగ్గించేస్తుంది. దమ్ము మధ్యలో బండి ఒక్కసారిగా నీరసపడితే పంపు పోయిందని కంగారు పడకండి. ఇంజనును కాపాడటానికి ఈసీయూయే పగ్గం బిగించి ఉండవచ్చు.

అసలు నష్టం ఆ తరువాత జరుగుతోంది. లైటు వెలిగిన బండిని అలాగే సాయంత్రం దాకా నడుపుతారు. లేదా ఈసీయూ నమోదు చేసిన తప్పును చదివే స్కానర్‌లో ఒక కోడు చూసి, అందులో ఏ సెన్సార్ పేరుంటే దాన్ని మార్చేస్తారు. వేల రూపాయలు పోసి కొత్తది వేసినా మళ్లీ అదే లైటు వెలుగుతుంది. ఎక్కడ వెతకాలో కోడు చెబుతుంది. ఏ భాగం కొనాలో చెప్పదు. ఈ తేడా తెలిసిన రైతును ఎవరూ తేలిగ్గా ఖర్చులోకి దించలేరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రోజూ పొద్దున చేయవలసిన పని

కీ ఒక మెట్టు తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. మీటర్ బోర్డులో హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారి వెలగాలి. చాలా బండ్లలో కొన్ని క్షణాలకు ఇంజను లైటు ఆరిపోతుంది. ఆయిలు లైటు, బ్యాటరీ లైటు మాత్రం ఇంజను స్టార్టయ్యాకే ఆరతాయి. ఈ పరీక్షలో ఆయిలు లైటు అసలు వెలగలేదంటే ఆ రోజు బండి బయటికి తీయకండి. లైటో దాని తీగో పోయిందని అర్థం. ఆయిలు ఒత్తిడి పడిపోయినా మీకు తెలిసే దారి ఉండదు.

ఎప్పుడూ వెలిగి విసిగిస్తోందని కొందరు లైటు వెనక ఫ్యూజు పీకించేస్తారు, బజరు తీగ కత్తిరిస్తారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఈ కీ పరీక్ష తప్పకుండా చేయాలి. వెలగవలసిన లైటు వెలగకపోతే బేరం అక్కడే ఆపండి.

రంగు చూడండి, ఆ వెంటనే గుర్తు చూడండి

పసుపు లేదా నారింజ రంగు లైటు జాగ్రత్త పడమంటుంది. బరువు తగ్గించి, చేతిలోని చాలు పూర్తి చేసి, గట్టుకు తెచ్చి చూసుకోవచ్చు. ఎరుపు వస్తే పని ఆపాలి. అయితే ఎరుపులన్నిటికీ ఒకే వైద్యం లేదు. ఇక్కడ పొరపాటు పడితే ఇంజనే పోతుంది కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే, అదే క్షణంలో ఇంజను ఆపేయండి. టర్బో చల్లబడాలని రెండు నిమిషాలు ఐడిల్‌లో, అంటే లోడు లేకుండా నిదానంగా తిరగనిచ్చి, ఉంచే మంచి అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆయిలు ఒత్తిడి లేకుండా తిరిగే ప్రతి క్షణం బేరింగులను, టర్బోను తినేస్తుంది. ఆపిన తరువాత కొద్దిసేపు ఆగి డిప్‌స్టిక్ చూడండి. ఆయిలు సరిగ్గానే ఉన్నా, ఒత్తిడిని గేజుతో కొలిచేదాకా మళ్లీ స్టార్ట్ చేయకండి.

థర్మామీటర్ గుర్తు వెలిగితే మాత్రం వెంటనే కీ తిప్పేయకండి. పీటీఓ (వెనక పరికరాన్ని తిప్పే షాఫ్టు) ఆపి, రోటవేటర్ లేపి, బండి నిలబెట్టి ఇంజనును ఐడిల్‌లో ఉంచండి. ఫ్యాను, నీటి పంపు తిరుగుతూ ఉంటే హెడ్‌లోని వేడి నెమ్మదిగా దిగుతుంది. ఒక్కసారిగా ఆపేస్తే నీరు కదలక హెడ్ ఇంకా కాగుతుంది. ఆవిరి చిమ్ముతున్నా, కూలెంట్ కారిపోయినా, ఫ్యాన్ బెల్టు తెగినా, ముల్లు దిగకుండా పైకే పోతున్నా ఆపేయక తప్పదు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. పక్క కాలువలోంచి బకెట్టుతో నీళ్లు తెచ్చి కాగిన ఇంజను మీద గుమ్మరించొద్దు, హెడ్ పగులుతుంది. చల్లారాక రేడియేటర్‌లోనూ కాలువ నీళ్లు పోయకండి. సూచించిన కూలెంట్ పోయండి. అత్యవసరమైతే శుభ్రమైన నీళ్లతో ఇల్లు చేరి, తరువాత మొత్తం మార్పించండి.

మన ప్రాంతంలో ఈ లైటు వెలగడానికి చాలాసార్లు రేడియేటరే కారణం. డెల్టాలో దమ్ము చేసేటప్పుడు బురద, గడ్డిపోచలు జాలీని మూసేస్తాయి. పత్తి కట్టె పొడి చేసేటప్పుడు దూది నూగు రెక్కల మధ్య దూరుతుంది. దానికి తోడు మే నెల ఎండ. గాలితో శుభ్రం చేసేటప్పుడు ఫ్యాను వైపు నుంచి ముందుకు కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది.

బ్యాటరీ గుర్తు వెలిగితే బ్యాటరీ సంగతి తరువాత, ముందు బెల్టు చూడండి. ఆల్టర్నేటర్‌ను, నీటి పంపును ఒకే బెల్టు తిప్పే ఇంజనులలో అది తెగితే కాసేపట్లో నీరు మరగడం ఖాయం.

మిరపకాయల లోడుతో 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళుతుండగా ఎర్ర లైటు వస్తే, ఇంజను దానంతట అదే శక్తి తగ్గించేసే లోపు ఎడమ అంచుకు తీసేయండి. నాలుగు ఇండికేటర్లూ వేసి, ట్రక్కు వెనక దూరంగా ఎర్ర త్రిభుజం పెట్టండి. రాత్రి పూట రోడ్డు మీద నిలిచిపోయిన ట్రక్కు వల్ల పోయే ప్రాణాల ముందు ఇంజను విలువ ఎంత?

కోడు చెరిపే ముందు రాసుకోండి

బండి ఆగాక ఫోను తీసి మీటర్ బోర్డు ఫొటో తీయండి. గంటల మీటరు అంకె అందులో కనబడాలి. ఆ సమయంలో ఏ పని చేస్తున్నారు, ఎంత ఆర్‌పీఎం, పొగ వచ్చిందా, శబ్దం మారిందా, డీజిల్ ఎప్పుడు ఎక్కడ పోయించారు అన్నవి ఒక కాగితం మీద రాయండి. తెర ఉన్న బండ్లలో కోడు అక్కడే కనిపిస్తుంది. లేని వాటికి స్కానర్ కావాలి. కార్లకు వాడే చవక స్కానర్ అన్ని ట్రాక్టర్లనూ చదవలేదు, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

కొందరు మెకానిక్కులు స్కానర్ పెట్టగానే కోడు చెరిపేసి, లైటు ఆరింది చూడండి అంటారు. మళ్లీ వచ్చినప్పుడు వెతకడానికి జాడే ఉండదు. ముందు ఫొటో, తరువాతే చెరపడం. ఆ కోడు ఇప్పుడు నడుస్తున్నదా, గతంలో వచ్చి పోయినదా అని కూడా అడగండి. స్కానర్ ఆ రెండిటినీ వేరువేరుగా చూపుతుంది.

కోడులోని రెండు అంకెలు

పెద్ద ట్రాక్టర్లలో చాలావరకు జే1939 అనే పద్ధతిలో కోడు ఇస్తాయి. అందులో రెండు అంకెలు ఉంటాయి. ఎస్పీఎన్ అనే మొదటిది ఏ విషయం గురించో చెబుతుంది. 100 అంటే ఇంజను ఆయిలు ఒత్తిడి, 110 అంటే కూలెంట్ వేడి, 97 అంటే డీజిల్‌లో నీరు, 157 అంటే రైల్ ఒత్తిడి, 168 అంటే బ్యాటరీ వోల్టేజి, 3251 అంటే సైలెన్సర్ దారిలోని మసి ఫిల్టర్‌కు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా. ఎఫ్ఎంఐ అనే రెండవది ఏ రకం తప్పో చెబుతుంది. చాలామంది మొదటి అంకె చూసి ఆగిపోతారు. డబ్బు మిగిల్చేది రెండవ అంకె.

ఎఫ్ఎంఐ 0 అంటే విలువ ప్రమాదకరంగా పెరిగింది, 1 అంటే ప్రమాదకరంగా పడిపోయింది. 15, 16 వస్తే పెరుగుదల అంత తీవ్రం కాదని, 17, 18 వస్తే తగ్గుదల అంత తీవ్రం కాదని. ఇవన్నీ ఇంజనులో నిజంగా ఏదో జరుగుతోందని చెప్పే అంకెలు. 3, 4, 5 వస్తే కరెంటు వ్యవహారం. 3 అంటే వోల్టేజి ఉండవలసిన దానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే దారి తెగింది.

ఉదాహరణకు 110, 0 వస్తే నీరు నిజంగానే కాగుతోంది, రేడియేటర్ చూడాలి. అదే 110, 3 వస్తే నీరు చల్లగానే ఉండి ఉండవచ్చు. సెన్సార్ కప్లర్ (తీగలు తగిలించే ప్లగ్గు) ఊడిందేమో, తీగ తెగిందేమో చూడాలి. రెండూ ఒకే లైటు వెలిగిస్తాయి, చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

110, 4 వచ్చిందనుకోండి. సెన్సార్ కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. కీ ఆపి, సెన్సార్ కప్లర్ తీసి, మళ్లీ కీ వేసి కోడు చూడండి. 4 పోయి 3 వస్తే ఈసీయూ దాకా తీగలు బాగున్నాయి, సెన్సార్ లోపలే షార్ట్ అయింది, దాన్ని మార్చవచ్చు. కప్లర్ తీసినా 4 కదలకపోతే తీగ ఎక్కడో ఒరిసి బాడీకి తగులుతోంది. కొత్త సెన్సార్ వేసినా లాభం లేదు. మెకానిక్కు సెన్సార్ మార్చాలని అంటే, ఈ పరీక్ష మీ ముందు చేయమని అడగండి.

నాలుగైదు కోడులు ఒకేసారి వస్తే నాలుగైదు సెన్సార్లు ఒకేసారి పోయాయని నమ్మకండి. చాలా సెన్సార్లకు ఈసీయూ నుంచి 5 వోల్టుల కరెంటు ఉమ్మడిగా వెళుతుంది. ఒక్క సెన్సార్ షార్ట్ అయితే దానితో పాటు మిగతావీ తప్పుడు లెక్కలు చెబుతాయి. ఒక్కొక్క కప్లర్ తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు మిగతా కోడులన్నీ తగ్గుతాయో దోషం అక్కడే ఉంది. అలా తగ్గకపోతే బ్యాటరీ, ఎర్త్ వైపు వెళ్లండి.

మల్టీమీటర్‌తో మీరే చూడగలిగినవి

ఒక సాధారణ మల్టీమీటర్ కొనుక్కోండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 కిందికి పోతే ఛార్జింగ్ పెట్టించాలి. ఇంజను తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య కనబడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9 వోల్టుల కిందికి జారితే, ఈసీయూ తడబడి లేనిపోని కోడులు ఇస్తుంది. ఎర్త్ చూడటానికి, ఒక కడ్డీ బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ తీగ మొదలు తుప్పు గీకి బిగించాలి. ఇంత చిన్న పని చేయక ఈసీయూ మార్చాలన్న మాట దాకా వెళ్లే బండ్లు ఉంటాయి.

తరువాత వైరింగ్ కిట్ మీద చేయి పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసుకుంటూ వెళ్లండి. వరి పొలాల చుట్టూ ఎలుకల బెడద మీకు చెప్పనక్కరలేదు. కొన్ని వారాలు కదలని ట్రాక్టరు బోనెట్ కింద గూడు పెట్టి తీగలు కొరికేస్తాయి. కప్లర్లలో ఆకుపచ్చ చిలుము ఉందేమో, పిన్ను వంగిందేమో చూడండి. బండి కడిగేటప్పుడు ప్రెషర్ పంపు నీటిని ఈసీయూ మీద, కప్లర్ల మీద కొట్టనివ్వకండి.

ఈసీయూ, మీటర్ బోర్డు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఆగిపోయిందని కోడు వస్తే, బ్యాటరీ తీసేసి, ఆ మాటలు నడిచే క్యాన్ తీగలు రెండిటి మధ్య ఓములు కొలిపించండి. సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివరన ఉండే రెసిస్టర్ గానీ, దాని తీగ గానీ తెగింది.

డీజిల్‌లో నీరు

కామన్ రైల్ పంపుకు డీజిలే ఆహారం, డీజిలే నూనె. నీరు కలిసినా, కిరోసిన్ కల్తీ అయినా ఆ పంపు లోపల ఇనుము ఇనుముతో ఒరుస్తుంది. రాలిన పొడి నాజిళ్లలోకి చేరితే మొత్తం వ్యవస్థ మార్చుకోవలసి వస్తుంది. అందుకని ఫిల్టర్‌లో నీటి గుర్తు వెలిగితే వాయిదా వేయకండి. ఇంజను ఆపి, ఫిల్టర్ అడుగున ఉన్న మర వదులు చేసి ఒక సీసాలోకి వదలండి. అడుగున నీరు పేరుకున్నది కంటికే కనబడుతుంది. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, బిగించి, చేతి పంపుతో గాలి తీయండి. మరునాడే మళ్లీ వెలిగితే తప్పు ఫిల్టర్‌ది కాదు. ట్యాంకు అడుగు, మీరు డీజిల్ నిల్వ చేసే పీపా చూడండి. పీపా అడుగు నుంచి ఎప్పుడూ తోడకండి.

రైల్ ఒత్తిడి తగ్గిందని 157తో పాటు 1 గానీ 18 గానీ వస్తే, పెద్ద పంపు మీద చేయి వేసే ముందు డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందా, ట్యాంకు నుంచి వచ్చే పైపులో గాలి లాగుతోందా చూడమనండి. కొత్త ఫిల్టర్‌లో డబ్బాతో డీజిల్ పోసి బిగించే పాత అలవాటు మానండి. వడకట్టని డీజిల్ నేరుగా శుభ్రమైన వైపుకు పోతుంది. ఫిల్టర్ ఖాళీగా బిగించి పంపుతోనే నింపాలి.

మసి కాల్చుకునే ఫిల్టర్, నిప్పు

మీ బండిలో డీపీఎఫ్ ఉంటే అది పొగలోని మసిని పట్టి ఉంచి, నిండాక తనలోనే కాల్చుకుంటుంది. ఆ సమయంలో లోపలి వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లవచ్చు. మన ఊళ్లలో ట్రాక్టరు నిలిపే చోట ఏముంటాయి? గడ్డివాము, పత్తి కట్టె మోపులు, కళ్ళంలో ఎండుతున్న మిరపకాయలు. కాల్చుకునే గుర్తు వెలిగితే బండిని నేల కనబడే ఖాళీ చోటికి తీయండి. చుట్టూ పిల్లలు, పశువులు లేకుండా చూడండి. సైలెన్సర్ దగ్గర పేరుకున్న గడ్డిని రోజూ పొద్దున, చల్లగా ఉన్నప్పుడే తీసేయండి.

ఆ పని మధ్యలో ఇంజను ఆపకుండా ఉంటే మంచిది. మాటిమాటికీ ఆపితే మసి పేరుకుంటుంది. కాల్చడానికి అదనంగా వదిలిన డీజిల్ కొంత ఇంజను ఆయిల్లోకి దిగుతుంది. ఆయిలు తగ్గలేదు సరికదా పెరిగిందని సంతోషించకండి. డిప్‌స్టిక్ మీద గీత దాటి పెరిగితే డీజిల్ కలిసినట్టే, ఆయిలు మార్చాలి. ఈ ఇంజనులకు తక్కువ బూడిద మిగిల్చే రకం ఆయిలే పోయాలి. మాన్యువల్‌లో ఉన్న గ్రేడు రాసుకుని వెళ్లి కొనండి.

మిరప చేలో మందు కొట్టే తేలిక పని, యార్డు ముందు వరుసలో ఇంజను ఆపకుండా గంటల తరబడి నిలబడటం ఈ ఫిల్టర్‌ను త్వరగా నింపుతాయి. అలాంటి రోజుల తరువాత ఒక పూట బరువైన దున్నకం చేయిస్తే ఫిల్టర్ తనంతట తానే తేరుకుంటుంది. దాన్ని తీసేసి ఖాళీ పైపు వేయిస్తామనే వారి మాట వినకండి. అది చట్టవిరుద్ధం, వారంటీ కూడా పోతుంది.

నీలి మూత ఉన్న రెండో ట్యాంకు మీ బండికి ఉంటే, అందులో పోసేది 32.5 శాతం శుద్ధమైన యూరియా ద్రావణం. ఇంట్లో ఉన్న బస్తా యూరియాను నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే గట్టిగా కాదనండి. మన దగ్గర అమ్మే వ్యవసాయ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ పూత, మలినాలు కలిసి ఖరీదైన భాగాలను శాశ్వతంగా పాడు చేస్తాయి.

పాత మెకానిక్కు పద్ధతుల్లో ప్రాణం తీసేవి

ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి, తిరుగుతున్న ఇంజనులో ఒక్కొక్క నాజిల్ నట్టు వదులు చేసి చూడటం పాత బండ్లకు మామూలు. కామన్ రైల్ మీద ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయనివ్వకండి. వెనక టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 బార్ ఉంటే, రైల్‌లో డీజిల్ 1,000 బార్లు దాటి ఉంటుంది. చిమ్మిన సన్నని ధార చర్మంలోంచి కండలోకి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, లోపల చేయి కుళ్లిపోతుంది. లీకును వేలితో తడిమి చూడకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. ఎవరికైనా తగిలితే నొప్పి లేకపోయినా అదే గంటలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి.

ఆల్టర్నేటర్ పని చేస్తోందా అని తిరుగుతున్న ఇంజనుకు బ్యాటరీ తీగ పీకడం, 24 వోల్టుల లారీ నుంచి కరెంటు తీసుకుని స్టార్ట్ చేయడం, బ్యాటరీ విప్పకుండా బండి మీద వెల్డింగు పెట్టడం, ఈ మూడూ ఈసీయూను క్షణంలో కాల్చగలవు. వెల్డింగు పెట్టాలంటే బ్యాటరీ మైనస్ తీసి, ఈసీయూ కప్లర్లు కూడా తీసి, వెల్డింగు ఎర్త్‌ను అతికే చోటికి పక్కనే తగిలించాలి.

ఆటోనగర్‌కు వెళ్లినప్పుడు

విజయవాడలోనైనా గుంటూరులోనైనా, చేయి తిరిగిన మెకానిక్కుకు కొరత లేదు. మీరు ఫొటో, కాగితం, గంటల మీటరు అంకె చూపి మాట మొదలుపెడితే అతని పనీ తేలికవుతుంది. ఏ భాగం మార్చాలన్నా, ఏ పరీక్షలో అది పోయిందని తేలిందో అడగండి. పాత భాగం వెనక్కు తీసుకోండి. బిల్లు మీద కోడులోని రెండు అంకెలూ రాయించండి. వారంటీలో ఉన్న బండికి కంపెనీ వారి దగ్గరే చూపించి, స్కానర్ రిపోర్టు కాగితం అడిగి తీసుకోండి.

రిపేరు అయిన వెంటనే డబ్బులిచ్చి వచ్చేయకండి. కోడులు చెరిపించి, లోడు మీద ఒక అరగంట నడిపి, మళ్లీ స్కానర్ పెట్టించండి. షెడ్డులో ఐడిల్‌లో రాని కోడు పొలంలో రోటవేటర్ దిగగానే రావచ్చు. మరునాడు పొద్దున చల్లటి ఇంజనును మీరే స్టార్ట్ చేసి లైట్లు, డిప్‌స్టిక్, ఫిల్టర్ కింద తడి చూడండి. కోడు, తేదీ, గంటలు, చేసిన పని ఒక పుస్తకంలో రాసి టూల్ బాక్సులో ఉంచండి. డ్రైవరు మారినా, మెకానిక్కు మారినా, తరువాతి లైటు వెలిగినప్పుడు వారు ముందుగా తెరవవలసింది ఆ పుస్తకాన్నే.